స్టీరింగ్‌లో టక్‌టక్... కొత్త బండి ఇమ్మని అడగొచ్చా?

ప్రశ్న: పాడేరు దగ్గర మాకు కాఫీ తోట ఉంది. సొంత వాడకానికి 13 నెలల క్రితం విశాఖలో 17 లక్షలకు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. వారంటీ మూడేళ్లు. అయిదో నెల నుంచి ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ తిప్పితే టక్‌టక్‌మని శబ్దం వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో ఒకసారి గ్రీజు పెట్టారు, ఇంకోసారి టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే జాయింటు) మార్చారు. మూడోసారి ‘ఆఫ్‌రోడ్ బండి సార్, ఆమాత్రం సౌండ్ ఉంటుంది’ అని పంపేశారు. గట్టిగా అడిగితే, ఎనిమిదో నెలలో నేను వేయించుకున్న పెద్ద టైర్ల వల్ల వారంటీ పోయిందంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకెళితే కొత్త బండి ఇప్పిస్తారా?
– ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితాలతోనే వెళితే ఇప్పించడం కష్టం. శబ్దం వస్తోందని మాత్రమే మీరు చూపగలరు. అది ఏ భాగం నుంచి, ఎందుకు వస్తోందో ఎక్కడా రాసి లేదు. కేసు నిలిచేది ఆ కారణం మీదే.

అందుకే చట్టం కంటే ముందు బండి సంగతి. మీది అవసరమైనప్పుడు లివర్‌తో ఫోర్ వీల్‌లోకి మార్చే రకమైతే, పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో ఉంచి మలుపు తిప్పుతున్నారేమో చూసుకోండి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ వీల్‌లో ముందు, వెనక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరగాల్సి రావడంతో బండి బిగుసుకుని కుదుపులు, చప్పుళ్లు వస్తాయి. అది లోపం కాదు, ఓనర్స్ మాన్యువల్‌లో వద్దని చెప్పిన వాడకం. అవతలి లాయరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. టూ వీల్‌లో కూడా శబ్దం వస్తోందని రాతలో ఉండాలి.

తర్వాత బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ ఆడిస్తుంటే మెకానిక్ కింద నుంచి ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. టై రాడ్ ఎండ్ గానీ బాల్ జాయింట్ గానీ వదులైతే ఆ దెబ్బ చేతికే తెలుస్తుంది. మెకానిక్‌లు స్టీరింగ్ క్రాస్ అనే కాలమ్ జాయింటు అరిగితే చప్పుడుతో పాటు స్టీరింగ్ చక్రంలోనే చిన్న ఆట (వదులు) కనిపిస్తుంది. కదులుతూ పూర్తిగా తిప్పినప్పుడే టిక్‌టిక్ వస్తే ముందు యాక్సిల్ జాయింటును అనుమానించాలి. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ తగ్గినా, గాలి చేరినా వచ్చేది టక్‌టక్ కాదు, మూలుగు.

టై రాడ్ మార్చాక కూడా శబ్దం తగ్గలేదంటే వాళ్లు అసలు కారణం పట్టుకోలేదని అనుమానించొచ్చు. ఇది మీకు పనికొచ్చే పాయింటు. అయితే జాబ్ కార్డులో, అంటే మీ ఫిర్యాదూ వాళ్లు చేసిన పనీ రాసే సర్వీస్ కాగితంలో, ‘జనరల్ చెకప్ చేశాం, ఓకే’ అని ఉంటే ఈ పాయింటు నీరుగారిపోతుంది. ఈసారి వెళ్లినప్పుడు సర్వీస్ అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ లాంటి రోడ్డు మీద ట్రయల్ వేయించండి. ‘కస్టమర్ ఎదుట శబ్దం విన్నాం’ అని రాయించండి. డెలివరీ తీసుకునేటప్పుడు తృప్తిగా ఉందంటూ ఒక కాగితం మీద సంతకం అడుగుతారు, చాలామంది చదవకుండా పెట్టేస్తారు. శబ్దం తగ్గకపోతే సంతకం పైన ‘శబ్దం అలాగే ఉంది’ అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి. ఫోన్‌లో తీసిన వీడియో దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయడం మంచిది.

ఇక టైర్ల గొడవ. వాళ్ల వాదనలో పసలేదని నేననను. పెద్ద టైర్లు స్టీరింగ్ జాయింట్ల మీద భారం పెంచే మాట నిజమే, ఫెండర్ లైనర్‌కు (చక్రం పైనుండే లోపలి తొడుగుకు) రాసుకుని చప్పుడూ చేస్తాయి. కానీ మీ మొదటి ఫిర్యాదు అయిదో నెలది, టైర్లు ఎనిమిదో నెలవి. మొదటి జాబ్ కార్డు, టైర్ల బిల్లు పక్కపక్కన పెట్టండి. టైర్లు రాకముందే ఉన్న శబ్దానికి టైర్లే కారణమని వాళ్లు ఎలా చెబుతారు? వీలైతే పాత టైర్లు వేసి ఒకసారి చెక్ చేయించండి, ఆ వాదన అక్కడే ముగుస్తుంది. పనిలో పనిగా టైరు సైజు కూడా చూసుకోండి. కంపెనీ అదే మోడల్‌లో ఇంకో వేరియంట్‌కు ఇచ్చిన సైజైతే ఫర్వాలేదు. అంతకు మించితే, బండిలో అనుమతి లేని మార్పులు వద్దనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు.

కొత్త బండి విషయానికొస్తే, మారుతి ఉద్యోగ్ – సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో (2006) సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం వరకే అయినప్పుడు మొత్తం కారు మార్చమనడం సరికాదంది. డీలర్ల లాయర్లు ప్రతి కేసులోనూ ముందు తీసేది ఈ తీర్పునే. మీకు అక్కరకొచ్చేది సి.ఎన్. అనంతరామ్ – ఫియట్ ఇండియా కేసు (2010). అక్కడా గొడవ శబ్దం గురించే, ఇంజిన్ శబ్దం. స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించాలని, తయారీలోనే లోపం ఉందని అతను తేలిస్తే డబ్బు వాపసు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీరూ వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ కింద నిపుణుడి పరీక్ష కోరుతూ ఫిర్యాదుతో పాటే దరఖాస్తు పెట్టండి. ఆ ఫీజు ముందు మీరే కట్టాల్సి రావొచ్చు. ఫిర్యాదు చివర మీకేం కావాలో రాసే ‘ప్రార్థన’లో మాత్రం మెట్లు మెట్లుగా అడగండి: ముందు ఉచితంగా పూర్తి మరమ్మతు, అది కాకపోతే స్టీరింగ్ అసెంబ్లీ మార్పు, అదీ కాకపోతే వాపసు, వీటితో పాటు తిరుగుడు ఖర్చులు, నష్టపరిహారం. ఒక్క కొత్త బండే కావాలని పట్టుబడితే అది రాకపోగా మిగతావీ పలచబడతాయి.

డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపే కనుక జిల్లా వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్స్యూమర్ కోర్టు) చాలు, కొన్నది విశాఖలో కాబట్టి అక్కడే వేయొచ్చు. ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు, దాన్ని మొదటి ఫిర్యాదు తేదీ నుంచే లెక్కేసుకోండి. బండిని ఎప్పుడైనా టూరిస్టులకు అద్దెకిచ్చి ఉంటే నాకైనా, మీ లాయరుకైనా ముందే చెప్పండి, ‘వాణిజ్య వాడకం’ అని అవతలివాళ్లు పట్టుకుంటారు.

ముందు ఇద్దరికీ 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీ వెబ్‌సైటులో మీ చాసిస్ నంబరు కొట్టి రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) ఉందేమో చూడండి. ఉంటే సగం పని అయిపోయినట్టే. నోటీసు అందాక కంపెనీ ఇంజినీరు వచ్చి చూస్తామంటే కాదనకండి, తన రిపోర్టు కాపీ ఇస్తేనే బండి ఇస్తానని మెయిల్‌లో రాయండి. ఈలోగా స్టీరింగ్‌లో ఆట పెరిగినట్టు అనిపిస్తే బండిని ఘాట్ ఎక్కించొద్దు, టోయింగ్ చేయించి ఆ బిల్లును కూడా క్లెయిమ్‌లో కలపండి.