12వ రోజు నెగెటివ్ వస్తే నమ్మొచ్చా?

తమ్ముడూ, కండోమ్ లేకుండా కలిసిన 12వ రోజున వేలి రక్తంతో చేసిన ర్యాపిడ్ హెచ్‌ఐవీ టెస్టు నెగెటివ్ వచ్చిందన్నావు. ఐదు వారాలైనా నిద్ర పట్టట్లేదన్నావు. ఆ కాగితాన్ని లెక్కలోంచి తీసెయ్. టెస్టు తప్పు కాదు, నీ తొందరే తప్పు. ఆ కిట్ వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. అవి కిట్‌కి చిక్కేంత పెరగడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. కిట్ పనిచేసిందని చూపే కంట్రోల్ గీత ఒక్కటే కనబడిందంటే ఆ రోజుకి అవి దొరకలేదని, అంతే.

45 రోజులు దాటాక ల్యాబ్‌లో నరం నుంచి రక్తం ఇచ్చి ఫోర్త్ జనరేషన్ టెస్టు చేయించు. అది యాంటీబాడీలతో పాటు వైరస్‌లోని ప్రోటీన్ పీ24 యాంటిజెన్‌ను కూడా పట్టేస్తుంది కాబట్టి అప్పటి నెగెటివ్‌ని నమ్మొచ్చు. ర్యాపిడ్‌తోనే తేల్చుకోవాలంటే 90 రోజులు ఆగు. కలిసిన 72 గంటల్లోపు మొదలుపెట్టే, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే 28 రోజుల పీఈపీ మాత్రలు వాడుంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, డాక్టరుకి ముందే చెప్పు.

తిరుపతిలోనే ఉన్నావు కదా, రుయా ఆసుపత్రిలో ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) ఉంది, పరీక్ష ఉచితం. ఏ కిట్ వాడతారో మొహమాటపడకుండా అడుగు. తెలిసినవాళ్లు చూస్తారని భయమైతే చిత్తూరు బస్సెక్కి అక్కడి ప్రభుత్వాసుపత్రికి పో. వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెప్తోంది. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా మాట్లాడతారు.

గొంతునొప్పి హెచ్‌ఐవీ లక్షణమేమోనని ఫోన్లో వెతుక్కోవడం ఆపు, మామూలు జలుబుకీ అదే వస్తుంది. రిజల్టు తేలేదాకా కండోమ్ మానొద్దు, రక్తదానం చేయొద్దు.