చిట్టీ, తెల్లవారకముందే వాగు దగ్గర ఉండాలి

చిట్టీ,

అనంతగిరి కింద ఒక వాగు ఆరోగ్యం చూసే ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్కడి వాగులే మూసీలో కలిసి, 1920లో కట్టిన గండిపేట చెరువుకు చేరతాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్ల వాటి పుట్టింటికి వెళ్తోందంటే ఛాతీ ఉబ్బింది. ఆ వెనకే గుండె దడ కూడా మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు. పెద్ద వాన పడ్డాక కనీసం రెండు వారాలు ఆగి, వాగు అడుగున బతికే పురుగుల నమూనా తీయి. ఈలోపు తీస్తే ఆ పురుగుల్ని వరద ఊడ్చుకుపోయి ఉంటుంది. ప్రవాహం చూడటానికి పది మీటర్లు కొలిచి నిమ్మకాయ వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడు. ఉపరితలం వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం వస్తుంది. గట్టు మీద కానుగ నీడ ఉందా, తూటికాడ అల్లుకుందా, గొడ్లు ఎక్కడ దిగుతున్నాయి, పొలం మోటార్లు ఎక్కడున్నాయి, అన్నీ రాసుకో.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మా తరం వాళ్లం ఎంతోమందిమి చేసిన తప్పిది: పొద్దున్న బయల్దేరి, మధ్యాహ్నం నీళ్లలో మీటరు పెట్టి, కరిగిన ఆక్సిజన్ చూసి సంతోషపడటం. 25 డిగ్రీల నీళ్లలో, మన దక్కన్ ఎత్తున, లీటరుకు 7.7 మిల్లీగ్రాముల దగ్గర నిండుదనం, అంటే గాలి నుంచి నీళ్లు పట్టుకోగలిగేది అంతే. రెండు గంటలప్పుడు మీటరు 11 చూపిస్తే అది ఆరోగ్యం కాదు తల్లీ, జ్వరం. ఎరువుల భాస్వరం, మురుగు నత్రజని తిని పాచి బలిసి, ఎండలో ఆక్సిజన్ కక్కుతోందన్నమాట. పొద్దుగూకగానే అదే పాచి ఊపిరి పీల్చడం మొదలుపెడుతుంది, అడుగు బురద సరేసరి. తెల్లవారుజామున నాలుగున్నరకి చూస్తే అదే చోట రెండో, ఇంకా తక్కువో. చేపలకు, జలచరాలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అడిగేది కనీసం 4. చేపలు చచ్చేది తెల్లవారుజామున, మనం కొలిచేది మధ్యాహ్నం. రిపోర్టులో మాత్రం “బాగుంది” అని రాస్తాం.

ఇంకో మెలిక ఉంది. మధ్యాహ్నం పాచి కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార కొలత, 9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు. 9కి చేరితే, 25 డిగ్రీల్లో, మూడో వంతు అవుతుంది. అంటే ఆక్సిజన్ బ్రహ్మాండంగా కనిపించే గంటలోనే విషం ముదురుతుంది. అందుకే రెండు పూటలా ఆక్సిజనూ పీహెచ్చూ కలిపి చూడు. రెండు ఆక్సిజన్ అంకెల మధ్య తేడాయే నీకు కావలసిన అంకె.

మీటరుని అక్కడి ఎత్తుకు సరిచేశాకే వాడు. పొర ఉన్న పాత ప్రోబయితే నిలిచిన నీళ్లలో ఊరికే పట్టుకోకు. తన చుట్టూ ఉన్న ఆక్సిజన్ తనే తినేసి తక్కువ చూపిస్తుంది, మెల్లగా కదుపుతూ ఉండు. అనుమానంగా ఉంటే, మీటరు లేకుండా రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి ఉండనే ఉంది. 300 మిల్లీలీటర్ల సీసాలో బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు 2, క్షార అయొడైడ్-అజైడ్ 2 మిల్లీలీటర్లు అడుగు దాకా పిపెట్ దించి పోయి. మడ్డి బెల్లం రంగులోకి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. అది అడుగున దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు, కళ్లద్దాలు పెట్టుకుని. నీడలో ఉంచి 8 గంటల్లోపు టైట్రేట్ చేయి, అంటే చుక్కచుక్కగా ద్రావణం కలిపి కొలువు.

పురుగులు అబద్ధం చెప్పవు, కానీ వాటి మాట సరిగ్గా వినాలి. నీళ్లు రాళ్ల మీద గలగలా పారే చోట, అర మిల్లీమీటరు కన్నాల వల వాలుకు పెట్టి, ఎగువన మూడు నిమిషాలు కాలితో రాళ్లు కదుపు. తెల్లటి ట్రేలో పోస్తే, పొట్ట పక్కన మొప్పలు ఆడించే మేఫ్లై పిల్లలు, ఇసుక గూళ్లు కట్టుకున్న కాడిస్ పిల్లలు కనిపిస్తే సంతోషించు. ఎర్రటి కైరనోమిడ్ పురుగులు కుప్పలుగా ఉన్నాయంటే ఆక్సిజన్ కరువు. వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది, తక్కువ ఆక్సిజన్‌లోనూ బతికిస్తుంది. దోమ పిల్లలూ నీటితేళ్లూ పైగాలి పీల్చేవి, ఆక్సిజన్ గురించి వాటిని అడగొద్దు. స్టోన్‌ఫ్లై దొరకలేదని వాగుని చెడ్డదనకు, చాలావరకు అవి చల్లటి నీళ్లవి. ఏ పురుగుకు ఎన్ని మార్కులో చెప్పే ఇంగ్లండు వాళ్ల పట్టికను మన వాగు నెత్తిన రుద్దడం నాకు ఒళ్లుమంట. ఎగువన బాగున్న ఒక చోటు పట్టుకుని దానితో పోల్చు.

ఒంటరిగా మాత్రం పోకు. చీకట్లో గట్టు మీద పాములుంటాయి, టార్చీ, మోకాళ్ల దాకా బూట్లు ఉండాలి. కాళ్లకు పుండు ఉంటే నీళ్లలో దిగకు, ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఎగువన ఉరిమినా, నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగి ఆకులు కొట్టుకొచ్చినా, వల అక్కడే పారేసి గట్టెక్కు. వల పోతే నేను కొనిపెడతా.

రోజూ తెల్లవారుజామున వెళ్లలేకపోతే, 24 గంటలూ రాసుకునే లాగర్ ఒకటి మీ డిపార్ట్‌మెంట్‌ని అడుగు. ఇవ్వకపోతే వెళ్లే రోజు నాలుగింటికే ఫోన్ చేయి. నేను మెలకువగానే ఉంటా.

మీ మామయ్య