కౌలు రైతు మీద సినిమా తీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ స్క్రిప్టు ఆసాంతం చదివాను. కౌలు రైతు గోడు తెరకెక్కించాలన్న నీ పట్టుదలకు సంతోషం. కానీ అందులో కోపం పుష్కలంగా ఉంది గానీ, ఆ రైతు ఎకరానికి ఎన్ని బస్తాలు కౌలు కొలుస్తాడో ఒక్క చోటా లేదు. అందుకే నీకు దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం గారి గురించి చెప్పాలనిపించింది.

కృష్ణా జిల్లా నందమూరులో 1902లో పుట్టిన ఆయన, సినిమాల్లోకి రాకముందు 'ప్రజామిత్ర' పత్రిక నడిపారు. జనం దేని గురించి తగువులాడుకుంటున్నారో అక్కడే తెలుసుకున్నారని నా నమ్మకం. తెలుగు తెరను పురాణాలు ఏలుతున్న రోజుల్లో, 1938లో 'మాలపిల్ల' తీశారు. అంటరానితనం మీద ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక బ్రాహ్మణ యువకుడికీ హరిజన యువతికీ మధ్య ప్రేమను, ఆలయ ప్రవేశం గొడవను ఒకే కథలో నడిపించారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. తన ఆశయానికి తగిన కలాలను వెతికి పట్టుకున్నారు, చూశావా? నువ్వు మాత్రం కథ, మాటలు, పాటలు అన్నీ నేనే రాస్తానంటున్నావు. మాటలు ఆ ఊరి యాస తెలిసినవాళ్లకు అప్పగించు.

ఇక నీకు మరీ దగ్గరి సినిమా 'రైతుబిడ్డ'. 1939లో వచ్చింది. జమీందారీ వ్యవస్థను నిలదీసిన ఆ సినిమాను తీసిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా, అంటే స్వయానా ఒక జమీందారు! రైతు పాత్రకు రంగస్థలం మీద అప్పటికే పేరు మోసిన బళ్లారి రాఘవను తెచ్చారు. రైతుల పాటలు రాయడానికి కొసరాజును సినిమాల్లోకి తీసుకొచ్చారు. జమీందార్లు ఊరుకోలేదు, వాళ్ల ఒత్తిడితో సినిమా నిషేధానికి గురైంది. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. అది చూడకుండానే, 1946లో, నలభై నాలుగేళ్లకే ఆయన కన్నుమూశారు. అప్పటికి సగంలో ఉన్న 'పల్నాటి యుద్ధం'ను ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు.

నీ నిర్మాత స్థలాల వ్యాపారి కదా, అతని డబ్బు తీసుకోవచ్చా అని అడిగావు. తీసుకో. డబ్బు ఎవరిదన్నది కాదు, కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదే నాకు ముఖ్యం. కథ మార్చకూడదని, తుది కూర్పు నీదేనని ఒప్పందం కాగితం మీద రాయించుకున్నాకే మొదటి వాయిదా సొమ్ము ముట్టుకో.

ఆ తర్వాత కెమెరా లేకుండా ఒక పంటకాలం పల్లెలో ఉండు. కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. కాగితం రాసిస్తే పొలం మీద హక్కు పోతుందని యజమాని భయం. కాగితం లేక కౌలుదారుకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం. తుఫానుకు పంట పోతే పరిహారం చాలాసార్లు యజమాని ఖాతాకే చేరుతుంది. ఎరువుల కొట్టులో అరువు తెచ్చుకున్నవాడు చాలాసార్లు పంటను ఆ కొట్టుకే, వాళ్లు చెప్పిన ధరకే అమ్మాల్సి వస్తుంది. కల్లంలో బస్తాలు లెక్కపెట్టే పూట అక్కడే ఉండి, కౌలు గింజలు పక్కకు తీశాక మిగిలినవి ఎన్నో చూడు. నీ పతాక సన్నివేశం అదే. స్క్రిప్టులో నువ్వు రాసిన ఆత్మహత్య దృశ్యం తీసెయ్యి. కష్టం ఎలా పేరుకుంటుందో చూపించే ఓపిక లేనప్పుడు రాసే దృశ్యం అది.

ఈ మార్పులతో మళ్లీ రాసి దసరా లోపు పంపు. కౌలు లెక్కలు, అప్పుల లెక్కలు వేరే కాగితం మీద రాసి జతచెయ్యి, ముందు అవే చూస్తాను.

మీ పెదనాన్న