మనవరాలికి చెస్ గురించి

అమ్మలూ,

ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) అయ్యాక ఏం ఆడాలో తోచట్లేదని అన్నావు కదా. వ్యూహం అనేది మొదలయ్యేదే అక్కడ. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా, నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించే వీడియోలు చూడటం మానెయ్. ఆ కిటుకు తెలియనివాళ్ల మీద తప్ప అది పనిచేయదు. మంత్రిని అంత తొందరగా బయటికి తెస్తే, ఎదుటివాళ్లు దాన్ని తరుముతూనే తమ గుర్రాన్నీ శకటునీ మంచి చోట పెట్టుకుంటారు. నీకేమో ఎత్తులు వృథా.

ఏ ఎత్తూ తోచనప్పుడు, నీ బలగంలో పని లేకుండా పడి ఉన్నది ఏదో వెతుకు. గుర్రం బోర్డు మధ్యలో ఉంటే 8 గళ్లు అందుకుంటుంది, మూలన ఉంటే రెండే. నీ బంట్లన్నీ తెల్లగళ్లలో ఇరుక్కుని ఉంటే తెల్లగళ్ల శకటుకు దారే ఉండదు. ఏనుగుకు బంట్లు లేని నిలువు వరస కావాలి. అన్నిటికంటే వెనకబడినదాన్ని ముందు కదుపు. అయితే దానికంటే ముందు, ఎదుటివాళ్ల చివరి ఎత్తు దేనికి గురిపెట్టిందో చూసుకోవాలి. ఇది ప్రతిసారీ, టెన్షన్‌లో ఉన్నా సరే.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయం, ఆట చివరి దశ. పిల్లలు దీన్ని బోర్ అంటారు, నేను ఒప్పుకోను. బోర్డు మీద మూడే పెట్టు (గడి పేరులో అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డు వరసకి గుర్తు): తెల్లరాజు ఇ6లో, తెల్లబంటు ఇ5లో, నల్లరాజు ఇ8లో. ఎత్తు ఎవరిదైనా తెల్లదే గెలుపు, ఎందుకంటే రాజు బంటుకు ముందు నడుస్తున్నాడు. ఇప్పుడు బంటును ఇ6కి, తెల్లరాజును ఇ5కి, నల్లరాజును ఇ7కి మార్చి, ఎత్తు నల్లదనుకో. నల్లరాజు నేరుగా ఇ8కి వెనక్కి జరిగితే డ్రా. పక్కకి డి8కి జరిగితే ఓటమే. రెండువైపులా నువ్వే ఆడి చూడు. ఇది చేతికొస్తే, ఎప్పుడు బలగాలు మార్చుకోవాలో (నీదొకటి ఇచ్చి వాళ్లదొకటి తీసుకోవడం), ఎప్పుడు వద్దో దానంతటదే తెలుస్తుంది.

ఫోన్‌లో 3 నిమిషాల ఆటలు కొన్నాళ్లు వద్దమ్మా. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ఛాంపియన్ అయింది ర్యాపిడ్ అనే వేగం ఆటలో. అందులో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ ఇంకో 10 సెకన్లు ఇస్తారు. అంతటి ఆటగత్తెకే అంత టైమ్ ఇస్తుంటే, ఇప్పుడే నేర్చుకుంటున్న నీకు 3 నిమిషాలు ఏం సరిపోతాయి?

ఆడిన ప్రతి ఆట ఎత్తులూ నోట్‌బుక్‌లో రాసుకో. ఓడిపోయినవి ముఖ్యంగా. ఎక్కడ తేడా కొట్టిందో ముందు నువ్వే వెతుకు, ఆ తర్వాతే ఇంజిన్‌కి (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్‌కి) ఇవ్వు. ఈ ఆదివారం రెండు ఆటల ఎత్తులు ఫొటో తీసి పంపు, ఏ ఎత్తు దగ్గర ఎక్కువసేపు ఆలోచించావో పక్కన గుర్తుపెట్టు. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరం చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య