వినికిడి పరీక్షలో మాటలు తిరిగి చెప్పమంటారు ఎందుకు?

"నాన్నగారికి బీప్ శబ్దాలు వినపడ్డాయి కదా, మళ్లీ మాటల పరీక్ష దేనికి?" అని ఒకరు అడిగారు. శబ్దం వినపడటం వేరు, మాట తెలియడం వేరు. "వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్లు అనేది నిజమైన ఇబ్బంది. దయచేసి పరధ్యానం అనుకోకండి.

పరీక్షలో ముఖ్యంగా రెండు కొలతలు ఉంటాయి. మొదట మాటల శబ్దాన్ని తగ్గిస్తూ పోయి, సగం మాటలు సరిగ్గా చెప్పగలిగే అతి తక్కువ స్థాయిని డెసిబెల్స్‌లో రాస్తారు. ఇది 500, 1000, 2000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్ననిదో చెప్పే కొలత) బీప్‌లు వినపడిన అతి తక్కువ స్థాయిల సగటుకు దగ్గరగా ఉండాలి. బాగా తేడా వస్తే పరీక్షను మళ్లీ సరిచూస్తారు.

నా దృష్టిలో రెండోదే అసలైనది. హాయిగా వినపడేంత గట్టిగా 25 లేదా 50 మాటలు వినిపించి, ఎన్ని సరిగ్గా చెప్పారో శాతంలో లెక్కిస్తారు. ఇంగ్లీషులో దీనికి ఏకాక్షర పదాలు వాడతారు. తెలుగులో అలాంటివి తక్కువ కాబట్టి "కాలు", "పాలు" లాంటి రెండక్షరాల మాటలు పనికొస్తాయి. తెలుగువారిని తెలుగు మాటలతోనే పరీక్షించాలి, లేకపోతే చెవిని కాదు, భాషాజ్ఞానాన్ని కొలిచినట్టవుతుంది.

బీప్‌లు బాగానే వినపడుతున్నా ఈ శాతం మరీ తక్కువైతే, ముఖ్యంగా ఒక్క చెవిలోనే అలా ఉంటే, శ్రవణ నాడిలో (చెవి నుంచి మెదడుకు వెళ్లే నరంలో) సమస్య ఉందేమో చూడాలి. అప్పుడు ఈఎన్‌టీ డాక్టరును తప్పక కలవండి.