మనిషికి అయస్కాంతత్వం ఉంటుందా?

సందేహం: ఒక వక్త గురించి రాస్తూ 'ఆయన మాటలో ఏదో ఆయస్కాంతత్వం ఉంది' అన్నాను. అది సైన్సు మాట అనీ, మనుషులకు వాడటం ఇంగ్లీషును చూసి నేర్చుకున్నదేననీ మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. నిజమేనా? సూదంటురాయి అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాట సగమే నిజం. 'త్వం' చేర్చిన రూపం ఫిజిక్సు పాఠంలోదే. కానీ అయస్కాంతాన్ని మనసుకు ముడిపెట్టడం మనకు ఇంగ్లీషు నుంచి రాలేదు.

అయస్ అంటే ఇనుము. కాంతం అంటే ఇష్టమైనది, ప్రియమైనది. ఇనుముకు ప్రియమైన రాయి కాబట్టి అయస్కాంతం. చంద్రకాంతం, సూర్యకాంతం అనే మణుల పేర్లూ ఇలా పుట్టినవే. అంటే వలపు ఆ పేరులోనే ఉంది. మనం కొత్తగా అంటగట్టిందేమీ లేదు. ఈ రాయి ఇత్తడిని, బంగారాన్ని లాగదు. ఇనుమును పక్కన పెడితే నికెల్, కోబాల్ట్ లాంటి కొద్ది లోహాలే దానికి లొంగుతాయి. ఆ పేరు పెట్టినవాళ్ల చూపు ఎంత నిశితమో చూడండి!

కాళిదాసు కుమారసంభవంలో తారకాసురుడి బాధ పడలేక దేవతలు బ్రహ్మ దగ్గరికి వెళ్తారు. నిశ్చలంగా ఉన్న శివుడి మనసును ఉమ అందంతో లాగే ప్రయత్నం చేయండి, అయస్కాంతంతో ఇనుమును లాగినట్టు, అంటాడు బ్రహ్మ. శివానందలహరిలో ఇదే పోలిక భక్తికి వచ్చింది. ఊడుగ చెట్టు నుంచి రాలిన గింజలు తిరిగి ఆ చెట్టునే చేరినట్టు, సూది అయస్కాంతాన్ని చేరినట్టు మనసు శివుడి పాదాలను చేరి అక్కడే నిలిచిపోతే అది భక్తి.

ఆ సూదే మన సూదంటురాయిలోనూ ఉంది. సూది, అంటు, రాయి: మూడూ ఇంట్లో మాటలే. టైలర్ షాపులో పని ముగిశాక కుర్రాడు అయస్కాంతం ముక్కను నేల మీద తిప్పుతాడు. గుడ్డపీలికల మధ్య నుంచి గుండుసూదులు లేచి దానికి అంటుకుంటాయి. ఈ మాట పుట్టుక తెలియాలంటే ఆ దృశ్యం చాలు, నిఘంటువు తిరగేయక్కర్లేదు. ఇంత చక్కటి మాటను పిల్లల పుస్తకాలు వదిలేస్తున్నాయంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆకర్షణలోని 'కృష్' ధాతువుకు లాగడం, దున్నడం అని అర్థాలు. నాగలి లాగే కర్షకుడూ ఆ ధాతువులోంచి వచ్చినవాడే. అందుకే ఆకర్షణ వస్తువుకూ మనిషికీ సమానంగా చెల్లుతుంది. 'మెస్మరైజ్ చేశాడు' అనడమూ వింటున్నాం. అది 18వ శతాబ్దంలో మనుషుల్లో అయస్కాంతశక్తి ప్రవహిస్తుందని చెప్పి వైద్యం చేసిన మెస్మర్ అనే డాక్టరు పేరు మీద వచ్చిన మాట. 1784లో ఫ్రాన్సులో రాజు వేసిన సంఘం పరీక్షించి, అలాంటి శక్తి ఏదీ లేదని తేల్చింది.

మీ వాక్యాన్ని 'ఆయన మాట సూదంటురాయిలా లాగుతుంది' అని మార్చండి. ముక్తసరిగా కావాలంటే 'ఆయన మాటలో ఆకర్షణ ఉంది' అన్నా సరిపోతుంది. అన్నట్టు, మీరు 'ఆయస్కాంతత్వం' అని దీర్ఘం ఇచ్చారు. చాలామంది ఇలాగే పలుకుతున్నారు కూడా. మూలం అయస్ కాబట్టి మొదటి అక్షరం హ్రస్వమే.