షార్ట్‌స్టాప్‌కి పొడుగు అడ్డమా? మావాడి అనుభవం, కాల్ రిప్కెన్ కథ

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్ళు, అప్పుడే అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. బేస్‌బాల్‌లో షార్ట్‌స్టాపే ఆడతానంటాడు. కోచ్ మాత్రం "ఇంత పొడుగువాడికి అది కుదరదు, ఫస్ట్ బేస్‌కి వెళ్ళు" అంటున్నాడు. పొడుగువాళ్ళు షార్ట్‌స్టాప్‌గా నిజంగానే పైకి రాలేరా?

నేనుండేది మేరీల్యాండ్‌లో, బాల్టిమోర్‌కి అరగంట దూరం. ఇక్కడ మీ ప్రశ్న ఎవరినడిగినా ఆలోచించకుండా ఒకటే పేరు చెప్తారు: కాల్ రిప్కెన్ జూనియర్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, రెండొందల పౌండ్ల పైమాటే. షార్ట్‌స్టాప్‌గా రెండుసార్లు అమెరికన్ లీగ్ (ఇక్కడి పెద్ద లీగ్‌లో ఒక సగం) ఎం.వి.పి., అంటే ఆ ఏటి మేటి ఆటగాడు: 1983లో ఒకసారి, 1991లో ఇంకోసారి. మీ కోచ్‌కి ఈ సంగతి తెలియకుండా ఉండదు. అయినా అలా ఎందుకన్నాడో చెప్తాను, ఎందుకంటే మావాడి విషయంలో నేనూ ఇదే మాట విని, కోచ్‌తో గొడవపడి, తర్వాత నాలిక కరుచుకున్నాను.

ముందు క్రికెట్ భాషలో. గుంటూరులో పెరిగినవాణ్ణి, నాకూ బేస్‌బాల్ అలాగే ఎక్కింది. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ నడుమ, అంటే సుమారుగా మన మిడాన్‌కీ మిడ్‌వికెట్‌కీ మధ్య. కుడిచేతి బ్యాటర్ లాగి కొడితే బంతి అటే వస్తుంది. మిడ్‌వికెట్‌లో బంతి ఆపితే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ ఆపాకే అసలు పని. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, బంతి కొట్టిన బ్యాటర్ పరిగెత్తి ఫస్ట్ బేస్‌కి చేరేది నాలుగు సెకన్ల చిల్లరలో. ఆలోపు బంతి అందుకోవాలి, గ్లవ్‌లోంచి చేతిలోకి తీసుకోవాలి, నూట ఇరవై అడుగులకి పైన ఉన్న ఫస్ట్ బేస్‌కి గురి తప్పకుండా విసరాలి. అందుకే పాతకాలం లెక్కలో షార్ట్‌స్టాప్ అంటే బక్కగా, చిన్నగా, ఉడతలా ఉండాలి. బ్యాటింగ్ అంతంతమాత్రమైనా సర్దుకుపోయేవారు.

రిప్కెన్‌ని కూడా ఆ లెక్కతోనే పక్కకి జరిపారు. ఊరు అబర్డీన్, మా ఇంటి నుంచి గంటలోపే. తండ్రి బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ సంస్థలోనే కోచ్, మేనేజర్, కాబట్టి పిల్లవాడు మైదానాల్లోనే పెరిగాడు. 1978లో ఓరియోల్స్ కొత్త ఆటగాళ్ళ ఎంపికలో రెండో రౌండ్‌లో తీసుకున్నప్పుడు అతన్ని పిచర్‌ని (మన బౌలర్‌లాంటివాడు) చేద్దామనుకున్నవాళ్ళూ ఉన్నారు. మొదటి ఏడాది మైనర్ లీగ్‌లో (పెద్ద లీగ్‌కి కింది మెట్టు) షార్ట్‌స్టాప్ ఆడాడు, ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్‌లాంటిది) కూడా కొట్టలేదు. తర్వాత థర్డ్ బేస్‌కి మార్చారు. 1981 ఆగస్టులో పెద్ద లీగ్‌లోకి వచ్చేసరికి థర్డ్ బేస్ మనిషనే ముద్ర పడిపోయింది. 1982 జూలై 1న మేనేజర్ ఎర్ల్ వీవర్ మళ్ళీ షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టాడు. మధ్యలో ఓ ఆరు ఆటలు తప్పిస్తే 1996 సీజన్ చివరిదాకా అక్కడినుంచి కదల్లేదు.

అంత మనిషి అక్కడ ఎలా నెగ్గుకొచ్చాడు? ఉడతలా దూకలేడు కదా. దూకాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాడు. తమ పిచర్ ఏ బంతి వేయబోతున్నాడో క్యాచర్ (మన వికెట్ కీపర్‌లాంటివాడు) సైగలో చూసేవాడు, ఆ బ్యాటర్ అలాంటి బంతిని ఎటు కొడతాడో గుర్తుపెట్టుకునేవాడు, దాన్నిబట్టి రెండడుగులు ఇటో అటో జరిగి నిలబడేవాడు. బంతి సరిగ్గా అతని మీదికే వచ్చినట్టుండేది. 1984లో 583 అసిస్టులు (అంటే బంతి అందించి అవుట్ చేయించడం), అప్పటికి అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్‌లలో అదే రికార్డు. 1990లో 161 ఆటల్లో చేసిన తప్పులు మూడంటే మూడు! అయినా ఆ ఏడాది గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ బహుమతి) ఇతనికి ఇవ్వలేదు, షికాగో వైట్ సాక్స్ ఆటగాడు ఓజీ గీయెన్‌కి ఇచ్చారు. నాకిప్పటికీ అది మింగుడుపడదు. దొర్లి పట్టేవాడికి చప్పట్లు పడతాయి, ముందే వెళ్ళి నిలబడ్డవాడిది పనిలాగే కనబడదు. (తర్వాతి రెండేళ్ళూ అతనికే ఇచ్చారు లెండి.)

రిప్కెన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది వరసగా 2,632 ఆటలు ఆడటం. 1995 సెప్టెంబర్ 6న పాతకాలం ఆటగాడు లూ గెహ్రిగ్ రికార్డు 2,130 దాటిన రాత్రి గురించి ఇక్కడివాళ్ళు చెప్పే తీరు వింటే, మనవాళ్ళు 1983 ప్రపంచ కప్ గురించి చెప్పుకోవడం గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకంటే 8,243 అనే అంకె పెద్దది. అది వరసగా ఆడిన ఇన్నింగ్స్ లెక్క (బేస్‌బాల్‌లో ఆటకి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్). 1982 నుంచి 1987 దాకా 903 ఆటల్లో ఒక్క ఇన్నింగ్స్ కూడా బయట కూర్చోలేదు. దాన్ని ఆపింది ఎవరో తెలుసా? కన్నతండ్రే. ఆ ఏడాది జట్టు మేనేజర్ ఆయనే. టొరంటోలో 18-3తో చిత్తుగా ఓడిన ఆటలో కొడుకుని కూర్చోబెట్టేశాడు.

నేను ఈ దేశం వచ్చింది 2000లో. 2001 వేసవిలో ఆఫీసులో ఒకాయన ఓరియోల్స్ మైదానం క్యామ్డెన్ యార్డ్స్‌కి తీసుకెళ్ళాడు. నలభై ఏళ్ళ రిప్కెన్ అప్పటికి థర్డ్ బేస్‌లో ఆడుతున్నాడు, అదే ఆఖరి ఏడాది. మైక్ బోర్డిక్ అనే షార్ట్‌స్టాప్‌ని తెచ్చుకుని, 1997లోనే రిప్కెన్‌ని థర్డ్ బేస్‌కి పంపేశారు. కాబట్టి అతన్ని షార్ట్‌స్టాప్‌లో నేను చూసింది ఒక్క ఇన్నింగ్స్, అదీ టీవీలో. ఆ జూలైలో సియాటిల్‌లో ఆల్‌స్టార్ ఆట (మేటి ఆటగాళ్ళంతా ఆడే పోటీ). షార్ట్‌స్టాప్ అలెక్స్ రోడ్రిగెజ్ ఆట మొదలయ్యే ముందు రిప్కెన్‌ని వెనకనుంచి తోసి మరీ "నీ చోటికి నువ్వు వెళ్ళు" అన్నట్టు అక్కడికి పంపాడు, తను థర్డ్ బేస్‌కి జరిగాడు. రోడ్రిగెజ్ కూడా ఆరడుగుల మూడంగుళాలు! రిప్కెన్ వేసిన దారిలో వచ్చినవాడే. ఆ తర్వాతి ఇన్నింగ్స్‌ల్లో రిప్కెన్ హోమ్ రన్ కొట్టి, ఆ ఆటకి ఎం.వి.పి. కూడా అయ్యాడు.

ఇప్పుడు మావాడి సంగతి. వాడికీ పదమూడేళ్ళకే నా ఎత్తు వచ్చేసింది. కోచ్ షార్ట్‌స్టాప్ నుంచి తీసి థర్డ్ బేస్‌లో పెట్టాడు. పార్కింగ్ దగ్గర ఆయన్ని పట్టుకుని రిప్కెన్ పేరు చెప్పి వాదించాను. మావాడు కారు వెనక సీట్లో తలదించుకుని కూర్చున్నాడు. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంది. రోజూ సాయంత్రం నేను వెనకపెరట్లో నేలబారు బంతులు కొడుతుంటే, మడతకుర్చీలో కూర్చుని చూసేది. రెండోరోజో మూడోరోజో అంది: "వాడు బంతి వచ్చాక కదుల్తున్నాడ్రా. కూతకొచ్చినవాడి ముందు అలా పాతేసినట్టు నిలబడితే తాకేసి పోడూ?"

ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా వేసి చూశాను. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మడమలు రెండూ నేలకి ఆన్చి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. బంతి బ్యాట్‌కి తగిలాక బరువు ముందుకి వస్తోంది, తర్వాత అడుగు పడుతోంది. బాగా ఆడేవాళ్ళు పిచర్ చేతిలోంచి బంతి వదిలే క్షణంలోనే రెండు చిన్న అడుగులు వేసి, మునివేళ్ళ మీద తేలిగ్గా దిగుతారు. కోచ్ చూసింది కూడా అదే అయ్యుంటుంది. పిల్లవాడితో "నీ అడుగు ఆలస్యం" అనడం కంటే "నువ్వు పొడుగు" అనడం తేలిక కదా.

అందుకని మీరు వాదనకి వెళ్ళకుండా ముందు వీడియో తీయండి. ముఖం వద్దు, పాదాలు పడేలా తీయండి. ఇంకోటి, 12 ఏళ్ళదాకా పిల్లలు ఆడేది 60 అడుగుల బేస్‌ల మీద. అక్కడినుంచి పెద్ద మైదానానికి మారేసరికి, నిన్నటిదాకా అవుటైనవాళ్ళంతా బేస్ చేరిపోతుంటారు. పొడుగుకంటే చెయ్యి బలమే అక్కడ ముందు తేలిపోతుంది. బంతులు తక్కువ విసిరించండి, భుజం నొప్పి అంటే ఆ రోజుకి ఆపేయండి.

పొడుగు సంగతికి వస్తే, ఇవాళ పెద్ద లీగ్ షార్ట్‌స్టాప్‌లలో కోరీ సీగర్ ఆరడుగుల నాలుగంగుళాలు, ఎల్లీ డి లా క్రూజ్ ఆరడుగుల అయిదంగుళాలు. ఓనీల్ క్రూజ్ అయితే ఆరడుగుల ఏడంగుళాలు, కానీ అతన్ని 2024లో సెంటర్ ఫీల్డ్‌కి, అంటే బేస్‌ల వెనక దూరంగా మైదానం నడిమికి, పంపేశారు. ఈ చోటు ఎవరికీ శాశ్వతం కాదు. రోడ్రిగెజ్ 2004లో న్యూయార్క్ యాంకీస్ జట్టుకి వెళ్ళగానే థర్డ్ బేస్‌కి మారాడు, ఎందుకంటే అక్కడ షార్ట్‌స్టాప్‌గా అప్పటికే డెరెక్ జీటర్ ఉన్నాడు. చివరిదాకా షార్ట్‌స్టాప్‌గానే ఉండిపోయిన జీటర్‌లాంటివాళ్ళు తక్కువ. మావాడైతే థర్డ్ బేస్‌లోనే హైస్కూల్ పూర్తిచేశాడు. అక్కడే బాగుందని ఏడాది తర్వాత తనే చెప్పాడు. పార్కింగ్ గొడవ గురించి మాత్రం ఇంకా దెప్పుతుంటాడు.

ఇంతకీ మీవాడు బంతి విసిరేది కుడిచేత్తోనే కదా? ప్రశ్నలో రాయలేదు మీరు. ఎడమచేతివాటం అయితే ఇప్పటిదాకా నేను చెప్పిందంతా వదిలేయండి. షార్ట్‌స్టాప్‌లో ఎడమచేత్తో ఫస్ట్ బేస్‌కి విసరాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి, ఆ తిప్పుకునేలోపు బ్యాటర్ చేరిపోతాడు. అప్పుడు కోచ్ మాటే రైటు, ఫస్ట్ బేస్ గ్లవ్ కొనిపెట్టండి.